మాస్టారూ, మా బడిలో ఒక పిల్లాడున్నాడు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల టీచర్ల ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ దివ్యాంగ పిల్లలకు చదువు చెప్పే విషయం మీదే. రాసినవాళ్ళ పేర్లు వేయడం లేదు. ఒకే ప్రశ్న ఇద్దరు ముగ్గురు అడిగితే కలిపి ఒకటే జవాబు రాశాం.

ప్రశ్న: మాది కొత్తపట్నం మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. రెండో తరగతి పాపకు శిబిరంలో చెవి వెనక పెట్టుకునే వినికిడి యంత్రాలు రెండు ఇచ్చారు. నెల తిరగకముందే ఒకటి కుయ్యిమంటోంది, రెండోది పనే చేయడం లేదు. పాప తీసి సంచిలో పడేస్తోంది. పెట్టుకోమని ఎంత చెప్పినా వినదు. ఏం చేయాలి?
– ఒక ఎస్‌జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు)

జవాబు: ముందు పాపను బలవంతం చేయడం ఆపండి. పని చేయని యంత్రం చెవిలో పెట్టుకుంటే చెవికి బిరడా పెట్టినట్టే, ఉన్న కాస్త వినికిడికీ అడ్డు పడుతుంది. తీసేయడంలో పాప తప్పేమీ లేదు.

రోజూ ప్రార్థన అయ్యాక మూడు నిమిషాలు యంత్రం చూడండి. బ్యాటరీ తలుపు తెరిస్తే చిన్న బిళ్ళ కనిపిస్తుంది. దాని స్టిక్కరు రంగే సైజు చెబుతుంది: నారింజ అయితే 13, గోధుమ అయితే 312, నీలం అయితే 675. మీ యంత్రానికి ఏది సరిపోతుందో అట్ట మీద రాసి బీరువా తలుపుకు అంటించండి, సెలవులో ఉన్నప్పుడు వేరే టీచరుకూ తెలుస్తుంది. ఇవి గాలి తగిలితే పనిచేసే బిళ్ళలు. స్టిక్కరు పీకాక ఒకటి రెండు నిమిషాలు బయటే ఉంచి అప్పుడు పెట్టాలి. పీకిన వెంటనే బిగిస్తే బలం సరిగా అందదు, బ్యాటరీ పాడైందనుకుని కొత్తది పారేస్తారు. వాడిన బిళ్ళలు పిల్లల చేతికి అందనివ్వొద్దు. ఎవరైనా మింగితే వాంతి చేయించే ప్రయత్నం వద్దు, నేరుగా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

కుయ్యిమనడానికి కారణం చాలాసార్లు చెవిలో పెట్టే అచ్చు. అది వదులైతే శబ్దం బయటికి వచ్చి మళ్ళీ మైకులోకి దూరుతుంది. ఎదిగే పిల్లలకు ఆరు నెలల నుంచి ఏడాది లోపు అచ్చు మార్చాల్సి వస్తుంది. అచ్చు సరిగ్గా కూర్చున్నా కూత ఆగకపోతే చెవిలో గులిమి ఉందేమో డాక్టరుకు చూపించాలి. పిన్నీసుతోనో, పుల్లతోనో తీయొద్దు.

పూర్తిగా మూగబోయిన రెండో యంత్రం సంగతి: మీ ఊళ్ళో గాలిలో తడి ఎక్కువ, పైగా చెమట. అచ్చుకూ యంత్రానికీ మధ్య ఉన్న సన్నటి గొట్టాన్ని వెలుగులోకి ఎత్తి చూడండి, లోపల నీటి బొట్టు కనిపించవచ్చు. ఆ బొట్టు ఉంటే శబ్దం చెవి దాకా పోదు. అచ్చును యంత్రం నుంచి విడదీసి, రబ్బరు బుడ్డితో గాలి కొట్టి బొట్టును బయటికి పంపండి. నోటితో ఊదితే తడి ఇంకా పెరుగుతుంది. అచ్చును మాత్రమే గోరువెచ్చని సబ్బు నీళ్ళతో కడగవచ్చు, యంత్రానికి నీళ్ళు తగలకూడదు. ఎండలో ఆరబెట్టడం, బల్బు కింద పెట్టడం కూడా వద్దు. బిగుతు మూత డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, రాత్రిళ్ళు యంత్రాన్ని అందులో ఉంచమని తల్లికి చెప్పండి. బ్యాటరీ మాత్రం తీసి పక్కన పెట్టాలి. జెల్ దాన్నీ ఎండగొడుతుంది.

ఇప్పుడు ఆరు శబ్దాల పరీక్ష. ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. పాప వెనక ఒక మీటరు దూరంలో నిలబడి, మామూలు గొంతుతో, వరస మారుస్తూ ఒక్కొక్కటి పలకండి. వినిపించినప్పుడల్లా పాప డబ్బాలో ఒక చింతగింజ వేయాలి. మధ్యలో ఏమీ పలకకుండా కూడా ఆగండి, లేకపోతే లయ పట్టేసి గింజలు వేస్తూ పోతుంది. తర్వాత మూడు మీటర్ల దూరం నుంచి చేయండి, తరగతిలో మీ గొంతు వినిపించాల్సింది ఆ దూరం నుంచే. నిన్నటిదాకా స్, ష్ వినిపించి ఇవాళ వినిపించకపోతే బ్యాటరీ, గొట్టం, అచ్చు ఈ మూడూ చూడండి. మూడూ బాగుంటే ఆడియాలజిస్టు (వినికిడి నిపుణుడు) దగ్గరికి పంపాలి. ఆరింటి ఫలితం తేదీ వేసి నోటుబుక్కులో రాసి ఇస్తే ఆయనకు సగం పని తగ్గుతుంది.

తరగతిలో రోడ్డు వైపు కిటికీకి, గడగడలాడే ఫ్యానుకు దూరంగా, రెండో వరసలో, బాగా వినిపించే చెవి మీ వైపు ఉండేలా కూర్చోబెట్టండి. బోర్డు వైపు తిరిగి మాట్లాడొద్దు. గట్టిగా అరవొద్దు కూడా, యంత్రంలో అరుపు చీలిపోయి మాట తెలియదు. వెనక బెంచీ పిల్లాడు చెప్పిన జవాబు మీరు మళ్ళీ ఒకసారి పలికితే చాలు, పాప పాఠంలో ఉంటుంది.

యంత్రంతోనూ మాట అందని పిల్లలకు సైగల భాష ఆలస్యం చేయొద్దు. సైగలు నేర్పితే మాట రాదన్న భయం చాలా ఇళ్ళలో ఉంది, అది నిజం కాదు. కేంద్రం నడిపే విద్యా టీవీ చానళ్ళలో పీఎం ఈ-విద్య 31వ చానల్ భారతీయ సైగల భాష కోసమే 2024 డిసెంబరులో మొదలైంది. ఢిల్లీలోని భారతీయ సైగల భాష పరిశోధన, శిక్షణ కేంద్రం తయారుచేసిన 10,000 పదాల వీడియో నిఘంటువు ఉచితంగా దొరుకుతుంది. రేపటి పాఠంలో వచ్చే ఐదు మాటల సైగలు ఈ రాత్రి చూసుకోండి. తరగతి మొత్తానికి నేర్పండి, పాప ఒక్కదానికే నేర్పితే ఆ పిల్ల ఎవరితో మాట్లాడాలి?

ప్రశ్న: మూడో తరగతి బాబు. లెక్కలు నోటితో చకచకా చెబుతాడు. తెలుగు చదవమంటే 'భక్తి'ని 'భకిత' అంటాడు, ఒత్తులు వదిలేస్తాడు. ఇది డిస్లెక్సియా (చదవడంలో వచ్చే అభ్యసన వైకల్యం) అంటారే, అదేనా? సర్టిఫికెట్ ఎక్కడ ఇస్తారు?
– కోవూరు నుంచి ఒక టీచరు

జవాబు: ఆ మాట ఇప్పుడే అనొద్దు. ముందు కళ్ళు, చెవులు పరీక్ష చేయించండి. తర్వాత హాజరు పట్టీ చూడండి. యానాది కాలనీల పిల్లలు పెద్దవాళ్ళతో రొయ్యల గుంటలకో, ఇటుక బట్టీలకో వెళ్ళి నెలల తరబడి బడికి రాకపోవడం మన జిల్లాలో తెలియనిది కాదు. అక్షరాలు నేర్పిన రోజుల్లో బడిలో లేని పిల్లాడికి ఉన్నది వైకల్యం కాదు, తప్పిపోయిన పాఠం. ఇంట్లో మాట్లాడే భాష వేరైనా ఇలాగే కనిపిస్తుంది. అభ్యసన వైకల్యం సర్టిఫికెట్ ఎనిమిదేళ్ళు నిండాకే ఇస్తారు, 14వ ఏట, 18వ ఏట మళ్ళీ పరీక్ష చేస్తారు. ఎన్‌సీఈఆర్‌టీ వారి ప్రశస్త్ యాప్‌లో (పిల్లల్లో వైకల్యాన్ని ముందుగా గుర్తించడానికి చేసింది) మామూలు టీచరు నింపే మొదటి భాగం ఉంది, అది నింపండి. అది జల్లెడ మాత్రమే. అందులో వచ్చిన ఫలితాన్ని రోగం పేరులా తల్లిదండ్రులకు చెప్పకండి.

పని మాత్రం సర్టిఫికెట్ కోసం ఆగక్కరలేదు. రెండు వారాలు బాబు చదివేటప్పుడు పక్కన కూర్చుని, ఏ మాటను ఏమని చదివాడో ఉన్నదున్నట్టు రాసుకోండి. దిద్దొద్దు. ఆ పట్టీ చూస్తే తప్పులు మూడు నాలుగు రకాలుగా విడిపోతాయి.

'భక్తి' దగ్గర ఏం జరుగుతోందో చూడండి. కంటికి గుడి 'క' మీద కనిపిస్తుంది, 'త' ఒత్తు కింద ఉంటుంది. పలికేటప్పుడు వరస క్, త్, ఇ. అంటే పైన కనిపించే గుడిని చివర పలకాలి. చూసిన వరసలోనే పలికితే 'కిత' అని వస్తుంది. బాబు చేస్తున్న తప్పులో ఒక తర్కం ఉంది, దాన్ని పట్టుకోండి. మూడు అట్టముక్కలు చేయండి: నల్ల రంగుతో క, ఎర్ర రంగుతో త ఒత్తు, నీలంతో గుడి. నల్లది ముట్టుకుని 'క్', ఎర్రది ముట్టుకుని 'త్', నీలం ముట్టుకుని 'ఇ', ఆ తర్వాత మూడూ కలిపి 'క్తి'. వేలు కదిలే వరస నోటికి అలవాటైతే రంగులు తీసేయవచ్చు.

ఒత్తులన్నీ ఒకే పట్టికలో నేర్పడం మన బళ్ళ అలవాటు, ఇలాంటి పిల్లలకు అది పనికిరాదు. తలకట్టు పోయిన అక్షరమే ఒత్తుగా కనిపించేవి ముందు: గ్గ, డ్డ, ద్ద, ప్ప, బ్బ. రూపు మారిపోయే త, న, మ, య, ర, ల ఒత్తులు తర్వాత, వారానికి ఒకటి. బాబుకు తెలిసిన మాటలతోనే చేయించండి: ముగ్గు, గుడ్డు, పెద్ద, పప్పు. ద, ధ, థ మూడూ ఒకే రోజు పక్కపక్కన రాయించొద్దు, వాటి మధ్య తేడా ఒక గీతో, ఒక చుక్కో. ఒకటి గట్టిపడ్డాక రెండోది.

రోజుకు 15 నుంచి 20 నిమిషాలు చాలు, కానీ రోజూ జరగాలి. ఆదివారం గంటన్నర కూర్చోబెడితే ప్రయోజనం లేదు. ఈలోగా లెక్కలు, పరిసరాల విజ్ఞానం పరీక్షల్లో నోటితో జవాబు చెప్పనివ్వండి. చదవలేనందుకు వాటిలో సున్నా వేయడం ఏ రకంగానూ న్యాయం కాదు.

ప్రశ్న: తరగతిలో మూర్ఛ వస్తే చేతిలో తాళంచెవి పెట్టమని ఆయమ్మ, ఉల్లిపాయ వాసన చూపమని ఇంకొకరు అంటున్నారు.
– అల్లూరు మండలం

జవాబు: రెండూ వద్దు. గడియారం చూడండి. తల కింద మెత్తటి గుడ్డ పెట్టి, చుట్టూ ఉన్న బెంచీలు జరిపి, పిల్లాణ్ణి పక్కకు తిప్పండి. కాళ్ళూ చేతులూ అదిమి పట్టొద్దు. నోట్లో చెంచా, వేలు, నీళ్ళు ఏవీ పెట్టొద్దు. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే రెండోసారి వచ్చినా 108కి ఫోన్ చేయండి. తగ్గాక నిద్రపోతాడు, పోనివ్వండి. ఎన్ని నిమిషాలు వచ్చింది, ఏ వైపు ఎక్కువ కొట్టుకుంది రాసి తల్లికి ఇవ్వండి, డాక్టరు అడిగే మొదటి ప్రశ్నలు అవే.

ప్రశ్న: దాత ఒకాయన ర్యాంపుకు గ్రానైట్ ఇస్తానన్నారు. మా వరండా నేలకు రెండడుగుల ఎత్తు. పదడుగుల ర్యాంపు చాలని మేస్త్రీ అంటున్నాడు.
– చీమకుర్తి వైపు ఒక హెచ్ఎం

జవాబు: చాలదు. ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు లెక్క. రెండడుగులకు 24 అడుగులు. పదడుగుల్లో కడితే చక్రాల కుర్చీ పిల్లాడు సొంతంగా ఎక్కలేడు, దిగేటప్పుడు కుర్చీ ముందుకు తూలుతుంది. చివరికి ఆ ర్యాంపు మీద బియ్యం బస్తాలు, సైకిళ్ళు మాత్రమే ఎక్కుతాయి. స్థలం లేకపోతే 12 అడుగుల దగ్గర మలుపు తిప్పండి. మలుపులో ఐదడుగులకు ఐదడుగులు సమతలంగా ఉండాలి, పైన గది తలుపు ముందూ అంతే ఉండాలి. వెడల్పు నాలుగడుగులు. రెండు వైపులా పట్టుకునే కడ్డీలు, పిల్లలకు రెండున్నర అడుగుల ఎత్తులో ఒకటి, దాని పైన మూడడుగుల దగ్గర ఇంకొకటి. అంచుల్లో మూడంగుళాల గట్టు లేకపోతే చక్రం పక్కకు జారుతుంది.

గ్రానైట్ సంగతి: మీ ఊరి రాయికి ఎంత పేరున్నా, పాలిష్ పట్టింది ర్యాంపుకు వద్దు. వాన పడితే అద్దంలా జారుతుంది. దాతను నొప్పించలేకపోతే మంట పట్టి గరుకు చేసిన రాయి అడగండి. లేదంటే సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు చీపురుతో అడ్డంగా గీతలు గీయిస్తే సరిపోతుంది. ఇంకొక్కటి: అంతా సరిగ్గా కట్టి గది గుమ్మం దగ్గర రెండంగుళాల గడప వదిలేస్తారు. కుర్చీ అక్కడే ఆగిపోతుంది.

ప్రశ్న: ఉదయగిరి ప్రాంతం. ఏడో తరగతిలో ఇద్దరికి మోకాళ్ళు వంకర పోయాయి, కింద కూర్చోలేరు. ఊళ్ళో బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉందంటారు.

జవాబు: కింద కూర్చోబెట్టకండి. పాదాలు నేలకు ఆనే ఎత్తులో కుర్చీ, బల్ల ఇవ్వండి. తరగతి మేడ మీద ఉంటే సెక్షన్ మొత్తాన్ని కిందికి మార్చండి, ఆ ఇద్దరినే వేరే గదిలో ఉంచొద్దు. కూర్చునే రకం మరుగుదొడ్డి, గోడకు కడ్డీ అవసరం. అది లేక పొద్దుటి నుంచీ నీళ్ళు తాగకుండా ఉండే పిల్లలు ఉంటారు, ముఖ్యంగా ఆడపిల్లలు. వాళ్ళు నోరు విప్పి చెప్పరు, మీరే అడగాలి.

ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) వైద్య బృందం బడికి వచ్చినప్పుడు ఇద్దరినీ చూపించి, ఎముకల డాక్టరుకు రాయించండి. ఫ్లోరైడు ఒక్కటే కారణమని మీరు తేల్చేయొద్దు, రికెట్స్‌లోనూ కాళ్ళు వంగుతాయి, దానికి మందు వేరు. నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, గ్రామీణ నీటి సరఫరా వాళ్ళతో పరీక్ష చేయించండి. కాచితే ఫ్లోరైడు పోదు, నీళ్ళు ఇంకి మరింత చిక్కబడుతుంది. తాగడానికి శుద్ధి చేసిన నీళ్ళు తెప్పించి, మధ్యాహ్న భోజనం మాత్రం బోరు నీళ్ళతో వండితే సగం పని చేసినట్టే.

ప్రశ్న: ఆరో తరగతిలో మానసిక ఎదుగుదల తక్కువ ఉన్న బాబుకు వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాయమన్నారు. నిరుడు రాసిందే ఎత్తి రాస్తున్నాం. నిజంగా ఏం రాయాలి?

జవాబు: 'చదవడం, రాయడం, లెక్కలు నేర్పాలి' అని రాసి ఉంటుంది. అది ప్రణాళిక కాదు. ముందు ఇప్పుడు ఏమొచ్చో రాయాలి. సికింద్రాబాద్‌లోని మేధో వైకల్య జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ వాడే ఎఫ్ఏసీపీ చెక్‌లిస్టు (పిల్లాడికి ఏ పనులు వచ్చో చూసే పట్టీ) దీనికి పనికొస్తుంది, దివ్యాంగ పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో ఐఈఆర్‌టీని, అంటే ప్రత్యేక టీచరును అడగండి. తర్వాత మూడు నెలలకు రెండే రెండు లక్ష్యాలు పెట్టుకోండి. ఉదాహరణకు: 'బడి పక్క దుకాణంలో పది రూపాయల లోపు వస్తువు పేరు చెప్పి అడిగి, పది నోటు ఇచ్చి, చిల్లర తీసుకోవడం. పదిసార్లలో ఎనిమిదిసార్లు, ఎవరూ చెప్పకుండా.' ఎక్కడ, ఏం, ఎంత అన్నది అందులోనే ఉంది. మూడు నెలల తర్వాత వచ్చిందా లేదా అని ఎవరైనా చూసి చెప్పగలరు.

దీన్ని ముక్కలు చేయండి: దుకాణం ముందు వరసలో నిలబడటం, వస్తువు అడగడం, నోటు తీయడం, ఇవ్వడం, చిల్లర కోసం ఆగడం, జేబులో వేసుకోవడం. ప్లాస్టిక్ నాణేలు వద్దు. రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు మామూలు పిల్లలకే తికమక, బొమ్మ నాణెంతో నేర్చుకున్నది దుకాణంలో ఉపయోగపడదు. ఒక్కో ముక్క ఎదురుగా నాలుగు గుర్తుల్లో ఒకటి వేయండి: సొంతంగా చేస్తే 'సొ', మాటతో గుర్తుచేస్తే 'మా', సైగతో అయితే 'సై', చేయి పట్టి చేయిస్తే 'చే'. చే నుంచి సై, మా మీదుగా సొ వైపు కదులుతుంటే దారి సరైనదే. రెండు వారాలు ఒకే గుర్తు దగ్గర ఆగితే బాబు మొండివాడని కాదు, ముక్క పెద్దదైంది. దాన్ని మళ్ళీ రెండు చేయండి. చివరి ముక్క నుంచి మొదలుపెట్టి వెనక్కి నేర్పడం కూడా బాగా పనిచేస్తుంది: మొదటి రోజు అన్నీ మీరు చేసి, చిల్లర జేబులో వేసుకోవడం ఒక్కటే బాబుకు వదలండి. పని పూర్తి చేశానన్న సంతోషం మొదటి రోజే దక్కుతుంది.

ప్రశ్న: కావలిలో ప్రైవేటు బడి టీచర్ని, బీఈడీ చేశాను. స్పెషల్ ఎడ్యుకేటర్ కావాలంటే? నెల రోజుల ఆన్‌లైన్ కోర్సు సరిపోతుందా?

జవాబు: తెలుసుకోవడానికి సరిపోవచ్చు, ఉద్యోగానికి సరిపోదు. భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన డీఈడీ లేదా బీఈడీ స్పెషల్ ఎడ్యుకేషన్ చేసి, దాని రిజిస్టరులో నంబరు తెచ్చుకోవాలి. ఫీజు కట్టేముందు ఆ కళాశాలకు, ఆ కోర్సుకు, ఆ ఏడాదికి అనుమతి ఉందా అని ఆర్‌సీఐ వెబ్‌సైట్లోనే చూసుకోండి. 'అనుమతి వస్తోంది' అనే మాట నమ్మొద్దు. ఏ వైకల్యంలో చేస్తారో కూడా ముందే తేల్చుకోవాలి, వినికిడి, చూపు, మేధో వైకల్యం దేనికది వేరు. ప్రాథమిక స్థాయిలో పదిమంది దివ్యాంగ పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ప్రత్యేక టీచరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది కాబట్టి ఈ చదువుకు అవసరం తగ్గదు.

చిన్న శిక్షణలకు నెల్లూరులోనే దివ్యాంగుల కోసం కేంద్రం నడిపే కాంపోజిట్ రీజనల్ సెంటర్ ఉంది, అడగండి. ఒకటి కంటే ఎక్కువ వైకల్యాలున్న పిల్లల కోసం చెన్నై దగ్గర ముట్టుకాడులో ఎన్‌ఐఈపీఎండీ అనే జాతీయ సంస్థ ఉంది, మీకు సికింద్రాబాద్ కంటే అదే దగ్గర. టీచర్ల ఆన్‌లైన్ వేదిక దీక్షాలో సమ్మిళిత విద్య (దివ్యాంగ పిల్లలకు అందరితో కలిపి చదువు చెప్పడం) కోర్సులు ఉచితం. వీడియో నడవనిచ్చి సర్టిఫికెట్ తెచ్చుకోవడం సులువే, మీ తరగతిలో ఒక పిల్లాణ్ణి మనసులో పెట్టుకుని చూస్తే తప్ప అందులోంచి ఏమీ రాదు.

ప్రశ్న: మా పాపకి ఏటా 3,500 రూపాయలు బడికి వస్తాయంటగదా, మా చేతికి ఇయ్యరే?
– ఒక తల్లి, సింగరాయకొండ

జవాబు: అమ్మా, అది బడులకు ప్రభుత్వం ఇచ్చే సమగ్ర శిక్ష పథకంలో ఒక్కో దివ్యాంగ విద్యార్థి కోసం ఏడాదికి కేటాయించే మొత్తం. పరికరాలు, ఫిజియోథెరపీ, పుస్తకాలు, రవాణా వంటి వాటికి ఖర్చు పెడతారు, నగదుగా చేతికి ఇవ్వరు. ఆడపిల్లలకు విడిగా నెలకు 200 చొప్పున పది నెలల స్టైపెండ్ ఉంది, అది ఖాతాలో పడాలి. పాప పేరు బడి రికార్డులో దివ్యాంగురాలిగా నమోదైందా, ఖాతా ఆధార్‌కు కలిపారా అని హెడ్మాస్టర్ని అడగండి. సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ ఇంకా లేకపోతే సచివాలయంలో స్లాట్ బుక్ చేయించండి.

ప్రశ్న: పదో తరగతిలో చూపు లేని విద్యార్థి ఉన్నాడు. వచ్చే మార్చికి ఇప్పుడే ఏం చేయాలి?
– ఒంగోలు

జవాబు: సర్టిఫికెట్ కాపీతో రాతసాయకుడి కోసం దరఖాస్తు హెచ్ఎం ద్వారా నామినల్ రోల్స్‌తోపాటే (పరీక్ష రాసేవాళ్ళ జాబితా) పంపండి, ఆ తర్వాత అతికించాలంటే తిరగాలి. కేంద్రం మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఉంది, మూడు గంటల పేపరుకు గంట. రాసే పిల్లాడు కింది తరగతివాడై ఉంటాడు కాబట్టి, 'వర్గమూలం', 'బ్రాకెట్ మూయి', 'కొత్త పేరా' అని పలికి రాయించడం మీ విద్యార్థికి ముందే రావాలి. అర్ధ సంవత్సర పరీక్షల నుంచే రోజుకో పిల్లాడిని మార్చి కూర్చోబెట్టండి, అసలు రోజున ఎవరొచ్చినా తడబడడు.

పాఠాలు ఫోనులో తెర మీది అక్షరాలు చదివి వినిపించే టాక్‌బ్యాక్‌తో వినవచ్చు, చూపు లేనివాళ్ళ ఆన్‌లైన్ గ్రంథాలయం సుగమ్య పుస్తకాలయలో సభ్యత్వమూ తీసుకోండి. మీరు ఇచ్చే పీడీఎఫ్ నోట్సును ఫోను చదవగలదా లేదా తేల్చే పద్ధతి ఒకటుంది: అందులో ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు అక్షరాలే వస్తే చదువుతుంది. పిచ్చి గుర్తులు వస్తే అది పాత ఫాంటు, అసలు కాపీ కాకపోతే అది ఫోటో. ఆ రెండు సందర్భాల్లోనూ యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేయించాలి, లేదా తోటి విద్యార్థితో గట్టిగా చదివించి రికార్డు చేయించాలి. రికార్డు మొదట్లో పాఠం పేరు, పేజీ నంబరు చెప్పించండి, ఫైలు పేరులోనూ అవే పెట్టండి, లేదంటే పరీక్ష ముందు రోజు కావలసిన పాఠం వెతుక్కోలేడు.